ఇరు విందుల సమ్మతితో

కాకినాడ రేవు దగ్గర ఒక బియ్యం ఎగుమతిదారుల సంఘం ఉంది. ఆ ఆఫీసులో కర్రి సత్యవేణి పదిహేడేళ్ళుగా ఉత్తరాలు టైపు చేస్తోంది. వాటిలో సగం తగవుల ఉత్తరాలే. నూక ఎక్కువైందని ఒక దేశం రాస్తుంది. ఓడ ఆలస్యమైందని ఇంకో దేశం రాస్తుంది. కుశల ప్రశ్నలతో మొదలైన ఉత్తరాలు నాలుగోసారికి "ఇందుమూలంగా" అనే మాటలోకి దిగుతాయి. అక్కణ్ణుంచి వ్యవహారం ఆర్బిట్రేషన్‌కు వెళుతుంది. అంటే కోర్టుకెక్కకుండా, ఇద్దరికీ ఇష్టమైన మధ్యవర్తిని కూర్చోబెట్టి తేల్చుకోవడం. అప్పుడు హైదరాబాదు నుంచి ఒక లాయరుగారు విమానంలో దిగి, సత్యవేణి టైపు చేసిన ఉత్తరాలన్నీ పెట్టెలో సర్దుకుని సింగపూర్ వెళతారు. సత్యవేణి రాజమండ్రి దాటి ఎరగదు.

అన్ని ఉత్తరాలు టైపు చేశాక ఆమెకు ఒక సంగతి తెలిసింది. మూడో ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి తమకు అసలు ఏం కావాలో ఇద్దరూ మర్చిపోతారు. ఎవరైనా ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే బాగుండునని ఆమెకు అనిపించేది. కానీ టైపు చేసేవాళ్ళకు అనిపించినవి ఉత్తరాల్లో రాయకూడదు.

ఒక ఏడాది సంఘం సర్వసభ్య సమావేశంలో, తగవులు చూసుకోవడానికి ఆఫీసులోనే ఒక అధికారిని పెట్టుకోవాలని తీర్మానించారు. అర్హత, మధ్యవర్తిత్వ చట్టంలో డిప్లొమా. గడువు, వచ్చే మార్చి నెలాఖరు.

సంఘం అధ్యక్షుడు పోలిశెట్టి గంగరాజుగారు సత్యవేణిని పిలిచారు. ఆయనకు రెండు రైసు మిల్లులున్నాయి.

"ఏమ్మా సత్యవేణీ, ఆ ఉజ్జోగం నీకైతేనే బావుంటదని నాకుంది. కానీ ఆ రూలు పెట్టింది నేనేనాయె. డిప్లొమా తెచ్చేసుకో."

"ఈ వయసులో కాలేజీకి ఎలా వెళ్తానండీ?"

"వెళ్ళక్కర్లేదంట. పుస్తకాలే ఇంటికొస్తాయంట. మన ఉపాధ్యక్షుడిగారి మేనల్లుడు ఫణీంద్ర కూడా కడుతున్నాడు. ఆలోచించుకో."

ఫణీంద్ర పేరు విన్నాక ఆలోచించుకోవలసిందేమీ మిగల్లేదు. చేతిలో ఫోను లాక్కుంటే తప్ప ఆ కుర్రాడికి ఎవరితోనూ తగవు లేదు. సత్యవేణి ఆ సాయంత్రమే సర్వజన దూరవిద్యాపీఠానికి దరఖాస్తు పంపింది.

పుస్తకం నెల తిరక్కుండా వచ్చింది. అట్ట మీద "గృహ మరియు అంతర్జాతీయ మధ్యవర్తిత్వ న్యాయశాస్త్రము, డిప్లొమా" అని ఉంది. గృహమేమిటో ఆమెకు వెంటనే తట్టలేదు. కాసేపటికి తట్టింది. ఇంగ్లీషులో డొమెస్టిక్ అంటారు, అంటే దేశం లోపలిది. దాన్ని ఎవరో ఇంట్లోకి లాగేశారు.

ఆ అనువాదం వెనక పెద్ద కథే ఉందని తర్వాత తెలిసింది. న్యాయశాస్త్రం వారికి తెలుగు రాదని, తెలుగు వారికి న్యాయశాస్త్రం రాదని విద్యాపీఠం గమనించింది. ఎవరికీ అన్యాయం జరగకుండా ఆ పనిని రెండూ రానివారికి అప్పగించింది.

సత్యవేణి మొదటి పాఠం చదివింది. "మధ్యవర్తిత్వమునకు రెండు విందులు ఉండవలెను. ఇరు విందుల సమ్మతితో వివాదమును మధ్యవర్తికి నివేదింపవలెను. కుర్చీ ఎచ్చట ఉండవలెనో విందులే నిర్ణయించును. మధ్యవర్తుల సంఖ్య వింతగా ఉండవలెను. వినికిడి ముగిసిన పిమ్మట మధ్యవర్తి పురస్కారమును ప్రదానము చేయవలెను."

మూడుసార్లు చదివాక ముడి విడింది. విందంటే పార్టీ, అంటే పక్షం. కుర్చీ అంటే సీటు, అంటే ఏ ఊరి చట్టం కింద తగవు నడుస్తుందో ఆ స్థానం. వింత అంటే ఆడ్, అంటే బేసి సంఖ్య. వినికిడి అంటే హియరింగ్, అంటే విచారణ. పురస్కారమంటే అవార్డు, అంటే మధ్యవర్తి ఇచ్చే తీర్పు. ఆమె ఓపిగ్గా పెన్సిలుతో అంచుల్లో సరైన మాటలు రాసుకుంటూ నాలుగు వందల పేజీలూ పూర్తిచేసింది. పదిహేడేళ్ళుగా తను టైపు చేసిన ఉత్తరాలకు అర్థమేమిటో ఆ పెన్సిలు అంచుల్లో ఆమెకు కనిపించింది. చాలా సంతోషమనిపించింది.

పరీక్షలో "మధ్యవర్తిత్వమున కుర్చీ ప్రాముఖ్యమును వివరింపుము" అన్న ప్రశ్న ఇరవై మార్కులకు వచ్చింది. సత్యవేణి స్థానం గురించి, దాన్నిబట్టి ఏ కోర్టుకు అధికారం ఉంటుందో దాని గురించి నాలుగు పేజీలు రాసింది. రెండు మార్కులు వచ్చాయి. అవి దస్తూరికి వచ్చినట్టు పక్కన రాశారు. అదే ప్రశ్నకు ఫణీంద్ర, కుర్చీ టేకుదై ఉండాలని, చేతులుండాలని, మధ్యవర్తికి నడుం నొప్పి పుడితే న్యాయం ఒక పక్కకు ఒరుగుతుందని రాశాడు. పద్దెనిమిది వచ్చాయి. అతను పాసయ్యాడు, ఆమె తప్పింది.

సత్యవేణి ఒకరోజు సెలవు పెట్టి రాజమండ్రిలోని విద్యాపీఠం ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళింది. అక్కడ సంచాలకులు డాక్టర్ తాడికొండ విశ్వేశ్వరంగారు. ఆయన ఆమె జవాబుపత్రం తెప్పించి ముందు పెట్టుకున్నారు.

"నేను స్వయంగా పరిశీలించానమ్మా. మీ భాష ప్రశంసనీయం. విషయమే పాఠ్యప్రణాళికా పరిధిని అతిక్రమించింది."

"సార్, సీటంటే కుర్చీ కాదండీ. తగవు ఏ ఊరి చట్టం కిందికొస్తుందో ఆ స్థానమండీ."

"ఆ సంగతి నాకు తెలియదనుకుంటున్నారా?"

ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. "తెలుసాండీ?"

"వ్యక్తిగా తెలుసు. సంచాలకుడిగా తెలియదు. సంచాలకుడికి విద్యామండలి ఆమోదించిన గ్రంథం మాత్రమే తెలుస్తుంది."

"మరి గ్రంథంలో తప్పుంది కదండీ."

"తప్పే ఉంటే తప్పొప్పుల పట్టిక వెలువడేది. పట్టిక వెలువడలేదు. కనుక తప్పు లేదు."

"ఆ పట్టిక ఎవరు వేస్తారండీ?"

"తప్పుందని నిరూపిస్తే మేమే వేస్తాం."

"నేను నిరూపిస్తానండీ."

"మీరు పరీక్ష తప్పినవారు. నిరూపించే అర్హత ఉత్తీర్ణులకు మాత్రమే ఉంది. అయితే ఇంతవరకు ఉత్తీర్ణులెవరూ ఆ దిశగా అసంతృప్తి వ్యక్తం చేయలేదు."

వచ్చేటప్పుడు బస్సులో ఆమెకు ఏడుపు వచ్చింది. ద్వారపూడి దాటాక ఏడుపు పోయి పట్టుదల వచ్చింది. ఇంటికి రాగానే రబ్బరు తీసుకుని పెన్సిలు రాతలు చెరపడం మొదలుపెట్టింది. సగంలో ఆపేసి, చెరపకుండానే రెండూ గుర్తుపెట్టుకోవాలని నిశ్చయించుకుంది. సప్లిమెంటరీలో కుర్చీ గురించి ఆరు పేజీలు రాసింది. పేము కుర్చీలో గాలి ఆడుతుందని, దాంతో పక్షపాతం చెమటలా ఆరిపోతుందని ముగించింది. పంతొమ్మిది వచ్చాయి.

మిగిలింది ప్రాక్టికల్ పరీక్ష. దానికి సర్క్యులర్ వచ్చింది. "విద్యార్థి స్వగృహమునందు సంభవించు యథార్థ గృహ వివాదమును పరీక్షకుల సమక్షమున పరిష్కరింపవలెను. వివాదము సంభవించుటకు పదిహేను దినములు ముందుగా అనుమతి పొందవలెను." దానికి జతచేసిన ఫారంలో గడులున్నాయి. కోపము వచ్చు తేదీ. కోపము వచ్చు వేళ. కోపమునకు కారణము, రెండు వాక్యములకు మించరాదు.

సత్యవేణి భర్త సూరిబాబు సంతచెరువు దగ్గర మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే కొట్టు నడుపుతాడు. రోజంతా ఆ చప్పుడులో ఉండి వస్తాడు కాబట్టి ఇంట్లో అతను గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో వాళ్ళకు తగవనేది రాలేదు. ఇప్పుడు అదే వచ్చిపడింది కష్టం.

"కూరలో ఉప్పెక్కువైందని నా మీద అరవండి," అంది ఒక సాయంత్రం.

"బానే ఉందిగా."

"ఉన్నా సరే అరవాలండీ. నా డిప్లొమా కోసం."

సూరిబాబు గొంతు సవరించుకున్నాడు. "కూరలో కూసింత ఉప్పెక్కువైందనుకుంటానే. అంటే నాకలా అనిపించింది. నీకెలా ఉందో మరి."

"అది అరవడమాండీ?"

"నాకు ఇంతకంటే రాదే. మా నాన్నక్కూడా వచ్చేది కాదు."

ఇంకో సందేహం కూడా ఉంది. తను తగవు పడి, తనే మధ్యవర్తిగా కూర్చుంటే పక్షపాతం కాదా? రాజమండ్రికి ఫోను చేసి అడిగింది. విశ్వేశ్వరంగారు గ్రంథం తెరిచి చూసి జవాబిచ్చారు. "దానికి నిషేధం లేదమ్మా. మధ్యవర్తికి విందులతో ఎట్టి సంబంధం ఉండరాదని మాత్రం స్పష్టంగా ఉంది. కనుక వంట మీరు చేయకూడదు. భుజించకూడదు. వంటగది వైపు చూడకపోవడం ఉత్తమ సంప్రదాయం."

అలా రెండు విందులూ వండే భారం సూరిబాబు మీద పడింది. అతను కొట్టు మూసి, ఒక విందుకి పులిహోర, ముద్దపప్పు, గుత్తొంకాయ కూర, రెండో విందుకి కోడికూర, గారెలు చేశాడు. మిక్సీల పని తెలిసినవాడు కాబట్టి గారెల పిండి మహా బాగా కుదిరింది.

పరీక్ష నాటి ఆదివారం పొద్దున్న విశ్వేశ్వరంగారు వచ్చారు. గృహ వివాదం కాబట్టి బాహ్య పరీక్షకురాలిగా గృహవిజ్ఞాన శాస్త్రం ఆచార్యులు డాక్టర్ నిడమర్తి కామేశ్వరిగారిని తీసుకొచ్చారు. ముందు టేపుతో కుర్చీ కొలిచారు. తర్వాత వినికిడి. విశ్వేశ్వరంగారు వీధిగుమ్మంలో నిలబడి మెల్లగా "న్యాయము" అన్నారు. సత్యవేణి పెరటి గుమ్మంలో నిలబడి అది తిరిగి చెప్పింది. మొదటి వినికిడి ముగిసినట్టు రాసుకున్నారు.

"మధ్యవర్తుల సంఖ్య వింతగా ఉండాలి కదా. ఇక్కడ ఒక్కరే ఉన్నారు. ఇందులో వింతేముంది?" అని ఆయన సందేహం వెలిబుచ్చారు.

"ఒక ఇంట్లో ఒక్కరే మధ్యవర్తి ఉండటం ఈ రోజుల్లో వింతేనండీ," అన్నారు కామేశ్వరిగారు. "మా ఇంట్లో ఐదుగురున్నారు."

అది అంగీకరించి, ఇద్దరూ రెండు విందులనూ రుచి చూశారు. రెండు విందుల సమ్మతీ లభించినట్టు నమోదైంది. తర్వాత విశ్వేశ్వరంగారు గడియారం చూసుకున్నారు.

"ఫారం ప్రకారం పదకొండు గంటల పది నిమిషాలకు కోపం రావాలి. ప్రారంభించండి."

ఫారంలో కోపానికి కారణంగా "కూరలో ఉప్పు" అని రాసి ఉంది. సూరిబాబు లేచి నిలబడ్డాడు. వంటింట్లో తెల్లవారుజాము నుంచి నిలబడ్డ మనిషి. భుజం మీద తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"కూరలో ఉప్పు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. "కూర నేనే వండానండీ. ఉప్పు నేనే వేశాను. ఇంక ఎవర్ననను?"

"విషయాంతరం వద్దు. కోప్పడండి," అన్నారు విశ్వేశ్వరంగారు.

సూరిబాబు భార్య వైపు చూశాడు. ఆమె పేము కుర్చీలో, ఒళ్ళో పుస్తకంతో, ఏమీ తినకుండా కూర్చుని ఉంది.

"ఇన్ని రకాలు చేశాను. నువ్వొక్క గారె ముట్టుకోలేదు," అన్నాడు. "ఈరోజంటే రూలు. మిగతా రోజుల్లో ఏం రూలుందే? నేనొచ్చేసరికి పుస్తకంలో ఉంటావు. నేను తినేసి పడుకున్నాక ఎప్పుడో తింటావు. ఏడాదయింది మనం కలిసి కూర్చుని అన్నం తిని. నేను అడగలేదు. చదువుకుంటోంది కదా, అడక్కూడదనుకున్నాను. కానీ ఒక్కణ్ణీ తింటుంటే మాత్రం ముద్ద దిగట్లేదు."

గొంతు పెంచకుండానే అన్నాడు. సత్యవేణి పుస్తకం మూసింది. ఫారంలో లేని తగవు కాబట్టి ఏం చెయ్యాలో ఆమె ఆలోచించలేదు. "నిజమేనండీ. నేను గమనించనేలేదు," అంది. "ఏం చేస్తే బావుంటుందో మీరే చెప్పండి."

"రోజూ కాదులే. ఆదివారం, బుధవారం. పుస్తకం లేకుండా."

"అలాగే. నాకు మాత్రం పరీక్షల ముందు వారం వదిలెయ్యాలి."

"వదిలేస్తాను."

కామేశ్వరిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. విశ్వేశ్వరంగారు మాత్రం పురస్కారం కోసం చుట్టూ చూశారు. సత్యవేణి సిద్ధంగా ఉంచిన శాలువా తెచ్చి భర్తకు కప్పింది. పరీక్షకులు చప్పట్లు కొట్టారు. గృహ విభాగంలో ఆమె మొదటి తరగతిలో ఉత్తీర్ణురాలైంది. సూరిబాబు ఆ శాలువాతోనే సాయంత్రం కొట్టు తెరిచాడు. ఎవరు సన్మానం చేశారని అడిగితే, మా ఆవిడ అని చెప్పాడు.

ఇక మిగిలింది అంతర్జాతీయ విభాగం. దాని నియమం చిన్నది. "అంతర్జాతీయ మధ్యవర్తిత్వమున కనీసము ఒక విందు విదేశీయమై ఉండవలెను."

విద్యార్థులందరికీ ఇది చాలా తేలిగ్గా అర్థమైంది. ఫణీంద్ర నూడిల్స్ చేయించాడు. వాటిని చేత్తో తినాలా, ఫోర్కుతో తినాలా అని తన తమ్ముడితో తగవు పెట్టుకుని, చెంచాతో తినాలని తీర్పిచ్చి, ఫిబ్రవరిలోనే డిప్లొమా పుచ్చుకున్నాడు. ఒకాయన పిజ్జా తెప్పించాడు. పిజ్జా ఆ ఊళ్ళోనే తయారైందని తెలిసి ఆయన ఫలితం నిలిపివేశారు.

సత్యవేణి కూడా నూడిల్స్ పొట్లం కొని ఉంచింది. అయితే సరిగ్గా ఆమె ప్రాక్టికల్ జరగాల్సిన వారమే సంఘంలో అసలు తగవు ఒకటి వచ్చింది.

పశ్చిమాఫ్రికా నుంచి మూసా అనే వర్తకుడు ఇరవై ఏళ్ళుగా ఇక్కడ బియ్యం కొంటున్నాడు. అక్కడ ఆయన బియ్యానికి గుర్తు కోడిపుంజు. బస్తా మీద పుంజు బొమ్మ ఉంటే ఆయన బియ్యమని జనం కొనుక్కుంటారు. ఈసారి గంగరాజుగారి మిల్లు నుంచి వెళ్ళవలసిన సరుకుకు, బస్తాల అచ్చువాడికి ఎవరో "కోడి బొమ్మ" అని ఫోనులో చెప్పారు. వాడు ఎంతో శ్రద్ధగా కోడిపెట్ట బొమ్మ వేశాడు. గోదాములో బస్తాలన్నీ పెట్టలతో నిండిపోయాయి. ఓడ రేవులో నిలబడిపోయింది.

"కోడంటే కోడే. బియ్యం ఆడా మగా చూడదు," అన్నారు గంగరాజుగారు.

మూసా విమానమెక్కి వచ్చి, హోటల్లో దిగి, ఎవరి ఫోనూ ఎత్తడం మానేశాడు. లాయరుగారు సింగపూర్‌లో తేదీ దొరకడానికి మూడు నెలలు పడుతుందన్నారు.

సత్యవేణి అధ్యక్షుడి గదిలోకి వెళ్ళింది.

"నన్నొక్కసారి మాట్లాడనిస్తారాండీ? ఆదివారం మా ఇంట్లో నా ప్రాక్టికల్ ఉంది. ఇద్దరూ భోజనానికి రండి. కుదిరితే కుదురుతుంది, లేకపోతే సింగపూర్ ఎలాగూ ఉంది."

"ఆడు రాడమ్మా. మహా కోపంగా ఉన్నాడు."

"ఆయన కోపం ఎలా ఉంటుందో నాకు తెలుసండీ. పదిహేడేళ్ళుగా చదువుతున్నాను కదా."

ఆమె స్వయంగా హోటలుకు వెళ్ళింది. మూసా పొడుగాటి మనిషి, తెల్లగడ్డం. సత్యవేణి ఉత్తరాలు రాసిరాసి వచ్చిన ఇంగ్లీషులో ముందుగా ఒక మాట చెప్పింది. "నేను సంఘం ఉద్యోగిని. గంగరాజుగారు మా అధ్యక్షులు. నేను మధ్యవర్తిగా ఉండటం మీకు ఇష్టం లేకపోతే కాదనే హక్కు మీకుంది."

మూసా ఆమె పేరు అడిగాడు. చెప్పింది.

"ఉత్తరాల కింద మూలన చిన్న అక్షరాలతో కె.ఎస్.వి. అని ఉంటుంది, అది మీరేనా?" అన్నాడు. "నాకు కోపం వచ్చినప్పుడల్లా ఆ మూడు అక్షరాలే చూసేవాణ్ణి. ఇన్ని మాటల్లో తప్పు లేకుండా ఉన్నవి అవే అనిపించేది." అభ్యంతరం లేదని కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాడు.

ఆదివారం మళ్ళీ విశ్వేశ్వరంగారు వచ్చి టేపు తీశారు. సత్యవేణి ఆ కొలతలన్నీ ఓపిగ్గా ఇచ్చింది. మూసా కూడా ఇది ఇక్కడి ఆచారమనుకుని, తన చెవి ముందుకు వంచి "న్యాయము" అని తిరిగి చెప్పాడు. సూరిబాబు పప్పుచారు, వేపుడు, చేపల పులుసు వండాడు. నూడిల్స్ పొట్లం గట్టుమీదే ఉంది. ఇంటికొచ్చిన మనిషికి అది పెట్టడం మర్యాద కాదని అతనికి అనిపించి, ముట్టుకోలేదు.

భోజనాలయ్యాక సత్యవేణి ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి మాట ఇంకొకరికి తనే తిరగేసి చెబుతూ, ఒక్కొక్కర్నీ ఒకే ప్రశ్న అడిగింది. "మీకు అసలు భయమేమిటి?"

గంగరాజుగారు చాలాసేపు మిల్లు ప్రతిష్ఠ గురించి చెప్పి, చివరికి అసలు మాట చెప్పారు. "బస్తాలన్నీ విప్పి మళ్ళీ కట్టాలంటే సగం బియ్యం నేలపాలైపోతాదమ్మా. అదీ నా బాధ."

మూసా భయం వేరు. "పెట్ట బొమ్మ చూస్తే నా జనం నకిలీ అనుకుంటారు. ఇరవై ఏళ్ళ పేరు ఒక్క ఓడలో పోతుంది. బస్తా విప్పమని నేనెప్పుడన్నాను? నాకు పుంజు కావాలి, అంతే."

"అంటే బస్తా విప్పక్కర్లేదా?" అన్నారు గంగరాజుగారు.

"నన్నెవరూ అడగలేదు," అన్నాడు మూసా.

చెంబులో నీళ్ళు తెచ్చిన సూరిబాబు, నమూనాకి తెచ్చి గోడకు ఆనించిన ఖాళీ బస్తా వంక చూశాడు. పెట్ట ఎంతో నిదానంగా నిలబడి ఉంది. అతను లోపలికి వెళ్ళి, గ్రైండర్లకు వేసే ఎర్రరంగు డబ్బా, కుంచె తెచ్చాడు. ఎవర్నీ అడక్కుండా కింద కూర్చుని పెట్ట తలమీద తురాయి దిద్దాడు. వెనక వంకీ తిరిగిన తోక గీశాడు. గొంతు కింద రెండు ఎర్రటి తమ్మెలు వేశాడు.

"పుంజుకి ఇంకేం కావాలండీ?" అన్నాడు.

మూసా బస్తాను దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. "మా పాత పుంజు కంటే దీనికి పొగరు ఎక్కువ," అన్నాడు తృప్తిగా. ఒక అచ్చు రేకు కోయించి గోదాములోనే బస్తాలన్నిటి మీదా రంగు వేయించాలని, పది రోజుల ఆలస్యాన్ని ఇద్దరూ సర్దుకోవాలని సత్యవేణి తీర్పు రాసింది. ఇద్దరూ సంతకాలు చేశారు. ఆమె మూసాకు శాలువా కప్పింది. గంగరాజుగారు తనకేదీ అన్నట్టు చూడటంతో ఆయనకీ ఒకటి కప్పింది.

అప్పుడు విశ్వేశ్వరంగారు లేచారు. ఆయన మొహంలో నిజమైన బాధ ఉంది.

"అమ్మా, మిమ్మల్ని ఉత్తీర్ణులుగా ప్రకటించలేకపోతున్నాను."

"ఎందుకండీ?"

"విందు విదేశీయంగా లేదు. పప్పుచారు స్వదేశీయం. చేపలు కూడా ఇక్కడివేనని వాకబు చేసి తెలుసుకున్నాను."

"విదేశీయుడు ఎదురుగా కూర్చుని ఉన్నారు కదండీ."

ఆయన మూసా వంక చూసి మర్యాదగా తల పంకించారు. "ఉన్నారు. కానీ నియమంలో విదేశీయుల ప్రస్తావన ఎక్కడా లేదు."

మార్చి నెలాఖరున సర్వసభ్య సమావేశం జరిగింది. ఫణీంద్ర డిప్లొమాకి అద్దం కట్టించుకుని వచ్చాడు. ఉపాధ్యక్షుడు లేచి, రూలు రూలే కదా అన్నారు. సత్యవేణి వెనక వరసలో సమావేశం వివరాలు రాసుకుంటూ కూర్చుంది. ఉద్యోగం తనకు రాలేదన్న మాట కూడా అందులో తనే రాయవలసి వస్తుందేమో అనుకుంది.

గంగరాజుగారు మూసా పంపిన ఉత్తరం చదివించారు. పుంజుల బస్తాలు చేరాయని, ఇకనుంచి ఇక్కడ తాను చేసుకునే ప్రతి ఒప్పందంలోనూ మధ్యవర్తిగా కె.ఎస్.వి. పేరు ఉండాలని, లేకపోతే వేరే రేవు చూసుకుంటానని ఆయన రాశాడు. తన ఊళ్ళో మరో నలుగురు వర్తకులు కూడా ఇదే కోరుతున్నట్టు కింద వాళ్ళ సంతకాలున్నాయి.

"డిప్లొమా లేకుండా మధ్యవర్తి ఎలా అవుతుందండీ?" అని ఉపాధ్యక్షుడు, సమావేశానికి వచ్చిన హైదరాబాదు లాయరుగారిని అడిగారు.

"చట్టం డిప్లొమా అడగదండీ," అన్నారాయన. "ఇద్దరూ ఒప్పుకుంటే చాలు."

గంగరాజుగారు ఫణీంద్ర వైపు తిరిగారు. "బాబూ, ఆ పెట్టల తగువు నీ దగ్గరికొస్తే నువ్వేం చేద్దువు?"

ఫణీంద్ర నిజాయితీగా ఆలోచించాడు. "ముందు కుర్చీ టేకుదో కాదో చూస్తానండీ."

డిప్లొమా రూలు తీసేసి, సత్యవేణికి ఆ ఉద్యోగమిస్తూ తీర్మానం సవరించారు. ఆ రాత కూడా సత్యవేణే రాసింది. దస్తూరి మామూలుగానే ఉంది గానీ, చివర తన పేరు దగ్గర సిరా కాస్త ఎక్కువ పడింది.

జూన్‌లో విద్యాపీఠం నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త బ్యాచ్‌కి ఆదివారం తరగతులు చెప్పడానికి అధ్యాపకులు కావాలట. అర్హత, అంతర్జాతీయ మధ్యవర్తిత్వంలో అనుభవం. ఉత్తీర్ణులైన నలభై ఒక్క మందిలో ఎవరికీ ఆ అనుభవం లేదు. పరీక్ష తప్పిన ఒక్కరికే ఉంది. తప్పినవారు బోధించరాదన్న నియమం గ్రంథంలో కనిపించలేదని విశ్వేశ్వరంగారు స్వయంగా ఫోను చేసి చెప్పారు.

"గ్రంథం ప్రకారమే చెప్పాలాండీ?" అని అడిగింది సత్యవేణి.

"గ్రంథాన్ని విస్మరించకూడదమ్మా. అంతకు మించి నియమం లేదు," అన్నారాయన. కాస్త ఆగి, గొంతు తగ్గించి, "మొదటి తరగతికి పర్యవేక్షణ నిమిత్తం నేనూ వస్తాను," అన్నారు.

మొదటి ఆదివారం అరవై మంది వచ్చారు. సత్యవేణి నల్లబల్ల మీద పైనుంచి కిందికి ఒక గీత గీసింది. ఎడమవైపు విందు అని రాసింది, కుడివైపు పక్షం అని రాసింది. ఎడమవైపు కుర్చీ, కుడివైపు స్థానం. ఎడమవైపు పురస్కారం, కుడివైపు తీర్పు. అలా బల్ల నిండిపోయింది. అందరూ రెండూ ఎక్కించుకుంటున్నారు.

ముందు బెంచీలో ఒకావిడ చెయ్యెత్తింది. "మేడం, ఇందులో మేము ఏది వాడాలండీ?"

"పరీక్షకులు కూర్చుంటే ఎడమవైపుది," అంది సత్యవేణి. "ఎదురుగా ఇద్దరు మనుషులు కోపంగా కూర్చుంటే కుడివైపుది."

వెనక బెంచీలో విశ్వేశ్వరంగారు కళ్ళద్దాలు సరిచేసుకుని, నోటుబుక్కులో కుడివైపువి రాసుకుంటున్నారు.